అండర్-16 ఇండియా బాస్కెట్‌బాల్ క్యాంపుకు పిలుపొచ్చింది: సిమెంట్ కోర్టు మీద ఎనిమిది వారాల్లో ఏం నేర్పాలె?

దేవరకొండ_పీఈటీ

సార్లకు, మేడమ్‌లకు నమస్తే. మాది నల్లగొండ జిల్లాల గురుకులం. పదో తరగతి అమ్మాయికి యూత్ నేషనల్స్ తర్వాత ఇండియా అండర్-16 ప్రాబబుల్స్ (టీమును ఎంచే ముందు క్యాంపుకు పిలిచేటోళ్లు) లిస్టుల పేరొచ్చింది. ఎత్తు 174 సెంటీమీటర్లు. ఇక్కడ మా టీముల ఆమెనే పొడుగు, అందుకే ఇన్ని రోజులు పోస్ట్‌లనే (రింగు దగ్గరి జాగల) ఆడింది. రీబౌండ్ (రింగుకు తగిలి వెనక్కొచ్చిన బాల్) బాగ పడ్తది, కుడిచేతి లేఅప్ (రింగు దగ్గరికి ఉరికి వేసే షాట్) గట్టిది. ఎడమ చెయ్యి బలహీనం, బయటినుంచి షాట్ తక్కువ.

క్యాంపుకు ఎనిమిది వారాలున్నది. మా దగ్గర ఒక సిమెంట్ కోర్టు, రెండు రింగులు. షాట్ క్లాక్ (షాట్ వేసే గడువు చూపే గడియారం) లేదు. ప్రాక్టీసుకు ఆరుగురు అమ్మాయిలు, పది మంది అబ్బాయిలు వస్తరు. ఆసియా టోర్నీల మన పిల్లలు మొదటి క్వార్టర్ల మంచిగనే ఆడి తర్వాత ఒక్కసారే 15, 20 పాయింట్లు వెనకబడ్తరు. ఎందుకట్ల అయితది? ఈ రెండు నెలల్ల దేనిమీద పని చేయాలె? కాగితాల సంగతి, మందుల సంగతి కూడ తెలిసినోళ్లు చెప్తే మేలు.

పాలమూరు_బెంచ్

నమస్తే సార్. ముందు ఒక మాట. 174 అంటే మన జిల్లాల పోస్ట్, ఆసియా లెవెల్ల గార్డు (బాల్ తెచ్చి ఆట నడిపే ప్లేయర్), మహా అయితే వింగ్ (పక్కలనుంచి ఆడే ప్లేయర్). చైనా, జపాన్, ఆస్ట్రేలియా టీములల్ల ఆ ఎత్తు పిల్లలు బాల్ తెచ్చుకుంట ఆడ్తరు. క్యాంపుల కోచ్ ఆమెను రింగుకు వీపు పెట్టి నిలబెట్టడు, రింగుకు ఎదురుగ నిలబెట్టి బాల్ ఇస్తడు. ఈ రెండు నెలల్ల పోస్ట్ మూవ్‌లు ఒక్కటి కూడ కొత్తగ నేర్పకుండ్రి. ఎడమ చేతి డ్రిబుల్, క్యాచ్ చేసి రింగు చూసుడు, 45 డిగ్రీల దగ్గరనుంచి షాట్, బయట ఆడే ప్లేయర్‌ను గార్డ్ చేసుడు, ఈ నాలుగు చాలు.

ఇగ 15 పాయింట్ల సంగతి. అందరు ఎత్తు మీదికి నెడ్తరు. ఎత్తు ఉన్నది నిజమే, కాని ఒక్కసారిగ వచ్చే ఆ 12-0, 14-2 పరుగులు ఎత్తుతోని రావు, గడియారంతోని వస్తయి. అవతలోళ్లు బాస్కెట్ చేసి ఫుల్ కోర్ట్ ప్రెస్ (కోర్టు మొత్తం వెంటబడి గార్డ్ చేసుడు) వేస్తరు. మనకు 8 సెకన్లల్ల సెంటర్ లైన్ దాటాలె, 24 సెకన్లల్ల బాల్ రింగుకు తాకాలె. మనం 7వ సెకనుకు దాటుతం, సెట్ అయ్యేసరికి 12 అయిపోతది, మొదటి పాస్ ఆగిపోతది, 20వ సెకనుకు ఎవరో ఒకరు చేతికొచ్చినట్టు విసురుతరు. ఆ పొడుగు రీబౌండే వాళ్లకు ఫాస్ట్ బ్రేక్. ఇట్ల నాలుగుసార్లయితే ఎనిమిది పాయింట్లు, రెండు టర్నోవర్లు (షాట్ లేకుండనే బాల్ పోగొట్టుకునుడు) కలిస్తే పన్నెండు. జిల్లా మ్యాచులల్ల షాట్ క్లాకే ఉండది కాబట్టి మన పిల్లలకు 24 సెకన్లంటే ఎంతసేపో ఒంటికి తెల్వది.

అందుకని మొదటి రోజునుంచే గడియారం పెట్టుండ్రి. యంత్రం అవసరం లేదు. కూర్చున్న పిల్లల్ల ఒకర్ని ఫోన్ల టైమర్ పెట్టి గట్టిగ అరవమనుండ్రి: "పద్నాలుగు... పది... ఐదు, నాలుగు, మూడు". ఆడేటోళ్లు బోర్డు చూడకుండ చెవితోని లెక్క పట్టుడు నేర్చుకుంటరు. రూల్ గుర్తుంచుకోండ్రి: షాట్ రింగుకు తాకి మనమే రీబౌండ్ పడితే మళ్ల 24 రాదు, 14 మాత్రమే వస్తది. అందుకే ప్రాక్టీసుల సగం ఆట 14 సెకన్లతోనే ఆడించాలె. మూడు మీద మూడు, హాఫ్ కోర్ట్, 14 సెకన్లు, 12 పొసెషన్లు (బాల్ చేతికొచ్చిన సార్లు) ఒక సెట్, రోజుకు మూడు సెట్లు. షాట్ పడ్డదా లేదా అని కాదు, గడియారం అయ్యేలోపు రింగుకు తాకిందా అని రాయుండ్రి. మొదటి వారం 12ల 6, 7 తాకితే ఎక్కువ. ఆరో వారానికి 10 దాటాలె.

ప్రెస్ కోసం అబ్బాయిలను వాడుండ్రి. ఐదుగురు అమ్మాయిల మీద ఏడుగురు అబ్బాయిలు, ఫుల్ కోర్ట్, డ్రిబుల్ లేదు, పాస్ ఒక్కటే. ఏడుగురు ఎందుకంటే ట్రాప్ (ఇద్దరు కలిసి ఒకర్ని మూసుడు) ఎప్పుడు రెడీగ ఉంటది, ఖాళీ మనిషిని వెతుక్కోక తప్పది. చూడాల్సినవి రెండే. బాల్ తీసుకునే పిల్ల బాల్‌కు ఎదురు రావాలె, నిలబడి ఎదురుచూడొద్దు. రెండు కాళ్లమీద జంప్ స్టాప్ చేసి, ముందుకు చూసినంకనే డ్రిబుల్ మొదలుపెట్టాలె. మన పిల్లలు పట్టుకుంటనే తల దించి బాల్ కొడ్తరు, సైడ్‌లైన్ వెంబడి ఉరుకుతరు, సెంటర్ లైన్ దాటంగనే మూలల ఇద్దరు మూసేస్తరు. వెనకకు ఇస్తే బ్యాక్‌కోర్ట్ వయొలేషన్ (సెంటర్ లైన్ దాటిన బాల్‌ను మళ్ల వెనక్కి పంపే తప్పు), పట్టుకొని నిలబడితే 5 సెకన్ల వయొలేషన్. కాబట్టి సెంటర్ సర్కిల్ల ఒక మనిషి ఎప్పుడు ఉండాలె, రెండో పాస్ ఆమెకే పోవాలె. మీ అమ్మాయి ఎత్తుకు ఆ జాగ సరిగ్గ సరిపోతది. క్యాంపుల ఆమెకు చోటు దొరికేది అక్కడనే.

ఇంకొకటి: ప్రత్యర్థి బాస్కెట్ చేసినంక బాల్ లోపలికి ఇచ్చే పిల్ల ఎండ్‌లైన్ వెంబడి అటు ఇటు ఉరకొచ్చు. ఫౌల్, వయొలేషన్ తర్వాత మాత్రం రెఫరీ చూపించిన జాగ దగ్గరనే నిలబడాలె. ఈ తేడా తెల్వక నిలబడ్డ కాడనే 5 సెకన్లు పోగొట్టుకునుడు ఎక్కువ.

విజిల్_సూర్యాపేట

పాలమూరు సార్ చెప్పినదానికి నా తరఫున కలిపేవి కొన్ని, రూల్స్ వైపునుంచి.

ముందు మీ కోర్టు కొలవండి. మన స్కూళ్లలో పాత కోర్టులు చాలావాటికి త్రీ పాయింట్ లైన్ ఇంకా 6.25 మీటర్ల దగ్గరే ఉంది, కీ (రింగు ముందు గీసిన పెట్టె) గంపలాగా కింద వెడల్పుగా ఉంటుంది. 2010లో మారిపోయాయి. ఇప్పుడు ఆర్క్ (త్రీ పాయింట్ లైన్) 6.75 మీటర్లు, కీ దీర్ఘచతురస్రం: వెడల్పు 4.9, ఎండ్‌లైన్ నుంచి పొడవు 5.8. రింగు మధ్య నుంచి తూకం దారం వేలాడదీస్తే కింద పడే చుక్క ఎండ్‌లైన్ లోపలి అంచుకు 1.575 మీటర్ల దూరంలో ఉండాలి. ఆ చుక్క దగ్గర మేకు కొట్టి తాడుతో 6.75 గీయండి, సైడ్‌లైన్‌కు 90 సెంటీమీటర్ల దగ్గర నేరుగా దింపండి. అదే చుక్క నుంచి 1.25 మీటర్ల సగం చక్రం గీస్తే అది నో-ఛార్జ్ ఏరియా (డిఫెండర్‌ను ఢీకొట్టినా ఛార్జింగ్ ఫౌల్ ఇవ్వని జాగా). సున్నంతో గీసినా చాలు. రింగు ఎత్తు 3.05 మీటర్లు ఉందో లేదో కూడా టేపుతో చూడండి. కోర్టు మీద మళ్లీ సిమెంట్ పోస్తే ఆ మందం అంతా రింగు ఎత్తులోంచే తగ్గుతుంది, దాన్ని ఎవరూ సరిచేయరు.

బాల్ అమ్మాయిలకు సైజ్ 6. అబ్బాయిలతో కలిపి ఆడిస్తున్నారు కాబట్టి సైజ్ 7 వాడే అలవాటు ఉండొచ్చు. షూటింగ్ మాత్రం 6తోనే చేయించండి, చేతికి లెక్క తప్పుతుంది.

ట్రావెలింగ్ (బాల్‌తో రూల్‌కు మించి అడుగులు వేయడం): అంతర్జాతీయ మ్యాచుల్లో మన పిల్లల మీద ఎక్కువ పడే వయొలేషన్ ఇదే, అదీ ఒకే చోట. నిలబడి బాల్ పట్టుకుని డ్రిబుల్ మొదలుపెట్టేటప్పుడు బాల్ చేతినుంచి వదలకముందే పివోట్ కాలు (నేలమీదే ఉంచాల్సిన కాలు) లేస్తుంది. జిల్లాలో ఎవరూ విజిల్ ఊదరు, అక్కడ ప్రతిసారీ ఊదుతారు. రీబౌండ్ పట్టి తిరిగి మొదటి డ్రిబుల్ వేసేటప్పుడు మీ అమ్మాయి కాళ్లనే ఫోన్‌లో స్లో మోషన్ తీసి ఆమెకే చూపించండి. మాటలతో చెబితే రెండు వారాలు పట్టేది వీడియోతో రెండు రోజుల్లో అర్థమవుతుంది. కదులుతూ బాల్ అందుకుంటే మాత్రం అందుకున్నప్పుడు నేలమీదున్న కాలు లెక్కలోకి రాదు, ఆ తర్వాత రెండు అడుగులు ఉంటాయి. ఆ జీరో స్టెప్‌ను మనవాళ్లు భయపడి వాడుకోరు. వాడుకోవాలి.

ఫౌల్స్: ఫాస్ట్ బ్రేక్‌లో ముందు డిఫెండర్ ఎవరూ లేకుండా పోతున్న ప్లేయర్‌ను వెనకనుంచో పక్కనుంచో పట్టుకుంటే అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్. రెండు ఫ్రీ త్రోలు, ఆపైన బాల్ కూడా వాళ్లకే, 14 సెకన్లతో. "ఆపెయ్" అని బెంచ్‌మీంచి అరిచే కోచ్‌లు ఇది గుర్తుపెట్టుకోవాలి. అట్లాంటివి రెండయితే ఆ ప్లేయర్ మ్యాచ్‌నుంచే బయటికి. క్వార్టర్‌లో టీమ్ ఫౌల్స్ నాలుగు దాటాక ఐదోదానినుంచి షాట్ కాకపోయినా రెండు ఫ్రీ త్రోలే. కాబట్టి మూడో నిమిషానికే నాలుగు ఫౌల్స్ చేసుకున్న టీము మిగతా ఏడు నిమిషాలు చేతులు కట్టుకుని ఆడినట్టే.

చిన్న విషయంలా కనిపించేది: నగలు వేసుకుని కోర్టులోకి రానివ్వరు. ముక్కుపుడక, చెవి కమ్మలు, పట్టీలు, గాజులు అన్నీ తీయాలి. చేతికి కట్టిన దారం కూడా తీయమంటారు. టేపు చుట్టుకుంటాం అంటే ఒప్పుకోరు. ముక్కు కొత్తగా కుట్టించి ఉంటే పుడక తీస్తే పూడుకుపోతుందని ఇంట్లోవాళ్లు గొడవ పడతారు. ఆ పని టోర్నీ అయ్యాక పెట్టుకోమని ఇప్పుడే చెప్పండి. గోళ్లు పొట్టిగా ఉండాలి.

దేవరకొండ_పీఈటీ

చాన మేలు చేసిండ్రు సార్. మాది పాత గంప కీనే, పొద్దుగాల కొలిచిన, ఆర్క్ 6.2 ఉన్నది. రేపే గీస్త. ఇంకొకటి అడుగుత: డిఫెన్స్‌ల మేము ఎప్పుడు 2-3 జోన్ (ముందు ఇద్దరు, వెనక ముగ్గురు, ఒక్కొక్కరు ఒక జాగ కాసుడు) వేస్తం. క్యాంపుకు మాన్-టు-మాన్ (ఒక్కొక్కరు ఒక మనిషిని కాసుడు) కావాల్నా?

పాలమూరు_బెంచ్

కావాలె సార్, పూర్తిగ. ఎనిమిది వారాలు జోన్ మర్చిపోండ్రి. జోన్ తప్పని కాదు, అది టీముకు ఆయుధం. కాని సెలెక్షన్ల ఒక్కొక్క పిల్లనే చూస్తరు: స్క్రీన్ (దారికి అడ్డం నిలబడే అవతలి ప్లేయర్) వచ్చినప్పుడు ఎట్ల దాటుతది, హెల్ప్‌కు పోయి మళ్ల తన మనిషి దగ్గరికి ఎంత జల్ది వస్తది అని. జోన్ల పెరిగిన పిల్ల బాల్‌నే చూస్తది, తన మనిషి వెనకనుంచి కట్ అయితే తెల్వది. రోజు 15 నిమిషాలు క్లోజ్ అవుట్ పెట్టుండ్రి: కీలనుంచి ఆర్క్ దాకా ఉరికి, చివరి రెండు మీటర్లు చిన్న చిన్న అడుగులు, ఒక చెయ్యి పైన, తుంటి కిందికి. ఎదురుగ అబ్బాయిని పెట్టుండ్రి, అతడు రెండు డ్రిబుల్స్ లోపల దాటే ప్రయత్నం చేస్తడు. ఐదుకు మూడు ఆపితే చాలు.

జంప్‌షాట్_వనపర్తి

జోన్ పూర్తిగా మానెయ్యడం మీద నాకు కొంచెం భేదం ఉంది. ఇండియా టీము అమ్మాయిల విభాగంలో ఎత్తైన జట్ల మీద జోన్ వేయక తప్పదు, అందులో రీబౌండ్ ఎవరిని బాక్స్ అవుట్ చేసి (వీపుతో ఆపి) పట్టాలో తెలియాలి. మనిషి కాదు, జాగా కాస్తాం కాబట్టి ఎవరినీ బాక్స్ అవుట్ చేయకుండా బాల్ వైపు ఎగరడం జోన్‌లో పెద్ద జబ్బు. వారానికి ఒక రోజైనా జోన్‌లో బాక్స్ అవుట్ చేయించండి: షాట్ లేచిన క్షణం మీ జాగాలో ఉన్నవాళ్లకు వీపు తగిలించాలి, ఆ తర్వాతే బాల్.

టోర్నీ పద్ధతి తెలిస్తే అమ్మాయికి కూడా చెప్పండి. అండర్-16 అమ్మాయిల ఆసియా పోటీ డివిజన్ ఎ, డివిజన్ బి అని రెండుగా ఉంటుంది, ఒక్కోదాంట్లో 8 జట్లు. బి గెలిచిన జట్టు ఎకి ఎక్కుతుంది, ఎలో చివరిది కిందికి దిగుతుంది. ఎలో మొదటి నాలుగు జట్లకు అండర్-17 ప్రపంచ కప్ అర్హత. 2017 అక్టోబర్‌లో బెంగళూరు శ్రీకంఠీరవ ఇండోర్ స్టేడియంలో మన అమ్మాయిలు డివిజన్ బి గెలిచి పైకి ఎక్కారు.

గ్రూప్‌లో గెలుపుకు 2, ఓటమికి 1, ఆడకుండా వదిలేస్తే 0. రెండు మూడు జట్లు సమానమైతే ముందు వాళ్ల మధ్య జరిగిన మ్యాచులే చూస్తారు, మొత్తం పాయింట్ల తేడా కాదు. ఉదాహరణకు ఎ జట్టు బిని 12 తేడాతో, బి జట్టు సిని 5 తేడాతో, సి జట్టు ఎని 4 తేడాతో గెలిచాయనుకోండి. ఎకి +8, సికి -1, బికి -7. అంటే ఒక మ్యాచ్ గెలిచినా 12 తేడాతో ఓడినందుకు బి మూడో స్థానం. అందుకే ఓడిపోతున్న మ్యాచ్‌లో చివరి రెండు నిమిషాలు 16 తేడాను 9కి తెచ్చుకోవడం వృథా కాదు, ప్రాక్టీసులో ఆ పరిస్థితి పెట్టి ఆడించండి.

మోకాలు_మిర్యాలగూడ

ఒంటి సంగతి చెప్తాను. అమ్మాయిల్లో మోకాలి ఏసీఎల్ (లోపలి లిగమెంట్) గాయం అబ్బాయిల కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. చాలావరకు ఎవరూ తగలకుండానే, ఎగిరి దిగేటప్పుడో ఒక్కసారిగా దిశ మార్చేటప్పుడో మోకాలు లోపలికి వాలి జరుగుతుంది. సిమెంట్ మీద రోజుకు వంద జంపులు వేయించి బలం వస్తుందనుకోవద్దు. వారానికి మూడు రోజులు, వార్మప్‌లోనే 12 నిమిషాలు: రెండు కాళ్లతో ఎగిరి మెత్తగా దిగడం 8 సార్లు, ఒంటికాలితో 5 సార్లు, ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబడి బాల్ పాస్ చేసుకోవడం 3 సార్లు. దిగినప్పుడు చప్పుడు రాకూడదు, మోకాలు పాదం వేళ్ల మీదుగా ఉండాలి. ముందునుంచి ఫోన్‌లో తీస్తే లోపలికి వాలడం తెలిసిపోతుంది.

వుడ్ కోర్టు సిమెంట్ కంటే మెత్తన, కానీ బూటు పట్టు వేరు. సిమెంట్ మీద అరిగిన సోల్ వుడ్ మీద జారుతుంది. కొత్త జత ఇప్పుడే కొని రోజుకు 20 నిమిషాలు అలవాటు చేయించండి, బయట మట్టిలో తిప్పకుండా కోర్టుకే ఉంచండి. క్యాంపు ముందు రోజు కొన్న కొత్త బూటుతో పోతే మొదటి రోజే మడమ మీద బొబ్బ. క్యాంపు ముందు రెండు మూడు సార్లయినా హైదరాబాద్ తీసుకుపోయి వుడ్ మీద ఆడించగలిగితే మంచిది.

ఎండాకాలమైతే పొద్దున 5:30 నుంచి 7:30 లోపే పెద్ద పని ముగించండి. ప్రాక్టీసుకు ముందు, తర్వాత బరువు తూయండి. కిలో తగ్గితే లీటరు పైన నీళ్లు పోయినట్టే, ఉప్పేసిన మజ్జిగో ఓఆర్ఎస్సో ఇవ్వండి. జొన్న రొట్టె, అంబలి ఎప్పట్లాగే ఉండనీయండి, దానికి గుడ్డు, పప్పు కలపండి. కొత్త పౌడర్లు వద్దు, ఎందుకో కింద చెప్తా.

హిమోగ్లోబిన్ పరీక్ష తప్పనిసరి. 12 కంటే తక్కువ ఉంటే ఎన్ని పరుగులు పెట్టించినా మూడో క్వార్టర్‌లో కాళ్లు ఆడవు. బళ్లో వారానికొకసారి ఇచ్చే నీలం ఐరన్ గోళీ వేసుకుంటోందో లేదో చూడండి, చాయ్‌తో వేసుకుంటే ఒంటికి పట్టదు. తక్కువుంటే డాక్టర్ చెప్పిన మోతాదు వాడాలి, ఎనిమిది వారాలు దానికి సరిపోయే సమయమే.

మందులు: జాతీయ క్యాంపులోకి పోయిన పిల్లకు డోప్ పరీక్ష ఎప్పుడైనా జరగొచ్చు, మైనర్ అయినా. ఊళ్లో జలుబుకూ ఒళ్లు నొప్పులకూ ఆర్‌ఎంపీ వేసే సూదిలో చాలాసార్లు డెక్సామెథసోన్, బీటామెథసోన్ లాంటి స్టెరాయిడ్ ఉంటుంది. పోటీ సమయంలో సూదిగా అయినా గోళీగా అయినా అది నిషేధం. జలుబు సిరప్‌లో సూడోఎఫెడ్రిన్ ఉంటే ప్రమాదం. పారాసెటమాల్ పర్వాలేదు. ఆయాసం ఉండి సాల్బుటమాల్ ఇన్‌హేలర్ వాడితే 8 గంటల్లో 600, 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు దాటకూడదు. ఒక పఫ్ 100 కాబట్టి 8 గంటలకు ఆరు పఫ్‌లు. టెర్బుటలిన్‌కు (అదీ ఆయాసం మందే) మాత్రం ముందే అనుమతి తీసుకోవాలి. నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) వారి 'నో యువర్ మెడిసిన్' యాప్‌లో మందు పేరు కొట్టి చూసి వేయండి. ప్రొటీన్ పౌడర్లలో డబ్బా మీద రాయనివి కలిసి ఉంటాయి, అందుకే వద్దన్నాను.

ఫైలు_నల్లగొండ

కాగితాలు ఇప్పుడే మొదలుపెట్టండి సార్, ఆటకంటే ఇది ముందు ఆగిపోతది.

వయసు: ఫిబా (ప్రపంచ బాస్కెట్‌బాల్ సమాఖ్య) లెక్క పుట్టిన సంవత్సరం మీద. 2027ల జరిగే అండర్-16 పోటీకి 2011 జనవరి 1న గాని ఆ తర్వాత గాని పుట్టి ఉండాలె. స్కూల్ గేమ్స్‌ల 14, 17, 19 అని ఉంటయి, ఫెడరేషన్‌ల యూత్ 16, జూనియర్ 18. ఒకదాన్ల ఆడింది కాబట్టి ఇంకోదాన్ల కూడ పనికొస్తది అనుకోవద్దు.

బర్త్ సర్టిఫికెట్, ఆధార్, బడి రికార్డు, ఈ మూడింటిల తేదీ ఒక్కటే ఉండాలె. బడిల వేసేటప్పుడు జూన్ నెల తేదీ ఏదో ఒకటి రాసిన పిల్లలు మన దగ్గర చానమంది. ఆధార్‌ల పుట్టిన తేదీ మామూలుగ ఒక్కసారే మార్చనిస్తరు, కాబట్టి ముందు బర్త్ సర్టిఫికెట్ చేతిల పెట్టుకొని దాన్నిబట్టే మార్చుండ్రి. పుట్టిన ఏడాది లోపల నమోదు కాకపోతే ఆర్డీవో ఆఫీసు నుంచి ఉత్తర్వు కావాలె, దానికి టైం పడ్తది. ఎముకల వయసు పరీక్ష అంటే ఎడమ చేతి మణికట్టుకు ఎక్స్‌రే తీస్తరు. తేదీ నిజమైతే భయపడేదేం లేదని ఇంటోళ్లకు చెప్పుండ్రి.

పాస్‌పోర్టుకు హైదరాబాద్ దాక పోనవసరం లేదు, నల్లగొండ పోస్టాఫీసుల సేవా కేంద్రం ఉన్నది, పాలమూరుల కూడ ఉన్నది. మైనర్‌కు ఫీజు 1000 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2000. తల్లి, తండ్రి ఇద్దరు సంతకం పెట్టిన అనెగ్జర్-డి (వాళ్ల ఒప్పుకోలు పత్రం) కావాలె. చెల్లుబాటు ఐదేండ్లు లేకపోతే 18 నిండేదాక, ఏది ముందయితే అది. 15 దాటిన పిల్లకు పెద్దల ఫీజు 1500 కట్టి పదేండ్లది తీసుకోవచ్చు, అదే మంచిది. చాన దేశాలు ప్రయాణం నాటికి ఆరు నెలల గడువు మిగిలి ఉండాలంటయి.

పేరు దగ్గర జాగ్రత్త. ఇంటిపేరు ఒక్క అక్షరంగ ఉంటే పాస్‌పోర్టుల కుదరది, పూర్తిగ రాయాలె. ఆ పూర్తి పేరే ఆధార్‌ల, స్టేట్ అసోసియేషన్ ఎంట్రీ ఫారంల, చివరికి విమానం టికెట్టుల ఉండాలె. ముందు పాస్‌పోర్టు రానిచ్చి, దాన్ల ఉన్నట్టే అక్షరం అక్షరం మిగతావాట్ల రాయించుండ్రి.

దేవరకొండ_పీఈటీ

అందరికి దండాలు. బర్త్ సర్టిఫికెట్ల, ఆధార్‌ల తేదీ ఒక్కటే ఉన్నది, బడి రికార్డుల మాత్రం జూన్ 10 అని ఉన్నది. రేపు ప్రిన్సిపాల్ మేడమ్‌తోని మాట్లాడి సవరణకు పెడ్త. ముక్కుపుడక దసరాకు కుట్టిస్తమని వాళ్ల అమ్మ అంటున్నది, ఫోన్ చేసి ఆపిస్త. ఒకటి మిగిలింది: ఫ్రీ త్రోలు ఎప్పుడు ఏయించాలె, మొదట్లనా ఆఖరికా?

పాలమూరు_బెంచ్

మధ్యల, సార్. మ్యాచ్‌ల ఫ్రీ త్రో ఎప్పుడొస్తదో అప్పుడే, ఆయాసంల. ఆ ఎండ్‌లైన్ నుంచి ఈ ఎండ్‌లైన్ దాక రెండుసార్లు ఉరికిచ్చి, రెండే ఏయించుండ్రి, మళ్ల ఆట. ప్రాక్టీసు మొత్తంల ఇట్ల పదిసార్లు, అంటే 20. లైన్ దగ్గర బాల్ చేతికొచ్చినంక 5 సెకన్లే ఉంటది, కాబట్టి మూడు డ్రిబుల్స్, ఒక ఊపిరి, షాట్. 20కి 14 పడితే క్యాంపుల నిలబడ్తది.